మడతకత్తి మీమాంస

ఒక వస్తువు యొక్క ప్రయోజనము ఎచట నుండును? దానిని చేసినవాని సంకల్పమునందా, దానిని వాడువాని యవసరమునందా, లేక ఆ వస్తువునకు ఉపాదానమైన ద్రవ్యమునందే స్వభావముగా నిహితమై యుండునా? మన శాస్త్రగ్రంథములు ఈ ప్రశ్నను ఘటపటాదులను పురస్కరించుకొని పెక్కు తెఱంగుల చర్చించినవి. అయినను, జేబులో నిముడునట్టి మడతకత్తి నొకదానిని కొని తెచ్చుకొని, కర్మాగారము దాని కిచ్చిన రూపముతో తృప్తిపడక, ఆకురాయితోను సానతోను దానిని అడవిలోని కొయ్యపనికి తగినట్లు మార్చుకొను మనుష్యుని యుద్యమమును పరిశీలించినచో, ఆ ప్రశ్నలోని చిక్కు అంతయు మన కన్నుల యెదుట విప్పి పెట్టినట్లగునని నా తలంపు. అట్లు మార్చువాడు వస్తుధర్మమునకు ద్రోహము చేయుచున్నాడా, లేక దానికి లేని ధర్మమును ప్రసాదించుచున్నాడా యనునది ఇచట విచార్యమైన విషయము.

ప్రాచీన యవనతాత్త్వికులు ఈ విషయమున కత్తినే దృష్టాంతముగా గైకొనుట గమనింపదగినది. ప్లేటో రచించిన ‘రిపబ్లిక్’ ప్రథమభాగమున సోక్రటీసు థ్రాసిమాకసుతో వాదించుచు, ద్రాక్షకొమ్మను బాకుతోనైనను మామూలు చాకుతోనైనను కోయవచ్చును గాని, ఆ పనికే చేయబడిన కత్తి కోసినంత చక్కగ మఱేదియు కోయజాలదనియు, తక్కినవాని కంటె మేలుగ ఏ వస్తువు ఏ పనిని చేయగలదో ఆ పనియే దానికి స్వకార్యమనియు నిర్ణయించి, అచటినుండి మనుష్యుని యాత్మకును ఒక స్వకార్యము కలదని సాధించును. ప్లేటో శిష్యుడైన అరిస్టాటిల్ ‘రాజనీతి’ ఆరంభమున మఱియొక యడుగు ముందునకు వేసి, అనేకోపయోగములకు ఒక్కటిగ డెల్ఫీ కత్తిని చేయు కమ్మరి వలె ప్రకృతి లోభి కాదనియు, ప్రతి పరికరమును ఒక్క పనికే యేర్పడినప్పుడు ఉత్తమ మగుననియు వచించెను. ఆ మాట అతడు స్త్రీకిని దాసునకును ప్రకృతియే వేర్వేఱు ప్రయోజనములు విధించెనని స్థాపించు సందర్భమున చెప్పెననునది మఱువరాదు. పనిముట్టును గూర్చిన సిద్ధాంతము మనుష్యునకు సంకెలగ మారుటకు ఎంతో దూరము పోనక్కఱ లేదని ఆ సందర్భమే సాక్ష్యమిచ్చుచున్నది. అయితే ఆ అరిస్టాటిలే జంతువుల యవయవములను గూర్చి వ్రాయునప్పుడు, మనుష్యుని చేయి గోరును, గిట్టయు, కొమ్మును, బల్లెమును, ఖడ్గమును కాగలదనియు, అన్నిటిని పట్టుకొనగలదు గనుక అన్నియు తానే కాగలదనియు కొనియాడినాడు. ఒక్క పనికొక్క పరికరమే ఉత్తమమన్న తాత్త్వికుడు అన్ని పనులకు నొక్కటియైన హస్తమును సర్వోత్తమ మనుట వ్యాఘాతము వలె తోచును గాని, నిజమునకు ప్రశ్న అచటనే మొదలగుచున్నది.

డెల్ఫీ కమ్మరికి ఆధునిక వారసుడని చెప్పదగినవాడు స్విట్జర్లాండునందలి ష్విట్స్ మండలమున, ఇబాఖ్ గ్రామమున, 1884లో కత్తుల పనిశాలను స్థాపించిన కార్ల్ ఎల్జెనర్. స్విస్ సైన్యమునకు ఒక మడతకత్తి కావలసి వచ్చెను. సిపాయి డబ్బాలలోని యాహారమును తెఱచుకొనవలెను, 1889లో ప్రవేశపెట్టబడిన కొత్త తుపాకిని మరలు విప్పి శుభ్రపఱచుకొనవలెను, తోలునకు రంధ్రము వేసికొనవలెను, రొట్టె కోసికొనవలెను. అందుచేత ఒక కత్తివాయి, ఒక స్క్రూడ్రైవరు, డబ్బా తెఱచు నుపకరణము, తోలునకు బెజ్జము వేయు మొన — ఈ నాలుగును కొయ్యపిడిలో నమర్చి యేర్పఱచిన ఆ సిపాయికత్తిని ఎల్జెనర్ 1891లో సైన్యమునకు సరఫరా చేయ నారంభించెను. 1897లో అతడే, మఱియొక చిన్న కత్తిని, బిరడా లాగు మరతీగను చేర్చి, తేలికయైన ‘అధికారికత్తి’ని రూపొందించెను. 1909లో మరణించిన తల్లి విక్టోరియా పేరును తన సరకునకు బెట్టుకొనెను. 1921లో తుప్పుపట్టని యుక్కు వచ్చిన పిమ్మట ఆ పేరునకు దాని సంకేతము జోడింపబడి ‘విక్టోరినాక్స్’ అయ్యెను. అమెరికాలో టిమ్ లెదర్‌మన్ అనువాడు, పాతకారులో ఐరోపా తిరుగుచు పట్టకారు లేని లోటును అనుభవించి, పట్టకారునే నడుమ నుంచి తక్కిన పనిముట్లను పిడులలో మడిచిన సాధనమును 1983లో అమ్మకమునకు బెట్టెను.

ఈ చరిత్రయందు తాత్త్వికుడు గమనింపవలసిన యంశ మొకటి కలదు. సిపాయికత్తిలోని ప్రతి యంగమునకు ఒక నిర్దిష్టమైన యజమాని కలడు: స్క్రూడ్రైవరు ఫలానా తుపాకి కొఱకు, బెజ్జపుమొన ఫలానా తోలుపట్టెడ కొఱకు. ఆ కత్తి సైన్యమును విడిచి అంగడికి వచ్చి, లోకములోని ఎల్లవారి జేబులలోనికి పోవుటతో, యజమానులు మాయమైరి, అంగములు నిలిచినవి. ఎవరికో కావలసిన వన్నియు అందులో నున్నవి. ఇతనికి కావలసినది మాత్రము కావలసిన తీరున లేదు. అందఱి కొఱకు చేయబడినది ఏ యొక్కని కొఱకును చేయబడినది కాదు. ఆ నిర్యజమానకత్వమునందే సవరణ యను ప్రయత్నమునకు చోటు లభించుచున్నది.

ఉత్తరదేశపు భూర్జవృక్షముల యడవులలో, కొద్దిపాటి సామగ్రితో నివసించుచు, పడియున్న కొమ్మలనుండి చెంచాలు, మేకులు, గుడారపు కట్టెలు, నిప్పు రాజేయుటకు ఈకల వలె చీల్చిన పుల్లలు సిద్ధము చేసికొనుటను ఒక విద్యగ అభ్యసించువారు పెక్కుమంది కలరు. కెనడాకు చెందిన మార్స్ కొచాన్స్కీ వంటివారు ఆ విద్యకు శాస్త్రరూపము నిచ్చిరి. వారికి ప్రధానసాధనము మడవని, దృఢమైన, స్కాండినేవియా పద్ధతిలోని చాకు. మడతకత్తి దానికి తోడుగ నుండునది. ఆ తోడును కొయ్యకు తగినట్లు చేయువాడు మొట్టమొదట వాదరమీద చేయి వేయును. కర్మాగారమునుండి వచ్చునప్పుడు కత్తివాయి వెన్నునుండి క్రమముగ పలుచబడి, చివర ప్రక్కకు 15 మొదలు 20 డిగ్రీల కోణముతో చిన్న యంచు గలిగియుండును; రొట్టెకు, త్రాటికి, పండ్లకు అది చాలును గాని, కొయ్యలో దిగినప్పుడు ఆ చిన్న యంచునకు పైనున్న గనుపు కొయ్యను తన్ని, కత్తిని దారి తప్పించును. కావున అతడు సానరాతిమీద ఆ గనుపు నరుగదీసి, అంచును వెడల్పైన ఏటవాలు తలముగనో, మెల్లగ గుండ్రుబడిన కుంభాకారముగనో తీర్చును. అప్పుడు ఆ తలమే కొయ్యపై నానుకొని కత్తికి మార్గదర్శి యగును. కొన్ని కత్తులలో నుండు రంపము యొక్క వెన్నును, దానికి గుండ్రని యంచులున్నచో, ఆకురాయితో సరిగ లంబకోణమునకు తెచ్చును. ఆ పదునైన మూల చెట్టుబెరడును గీకి నారదీయుటకును, 1903లో కార్ల్ ఆవర్ ఫన్ వెల్స్‌బాఖ్ కనుగొన్న మిశ్రలోహపు కడ్డీని రాచి నిప్పురవ్వలు రాల్చుటకును పనికివచ్చును. అడవిలో విప్పవలసిన మరలు లేవు గనుక వెడల్పు స్క్రూడ్రైవరు కొనను ఒక వైపు ఏటవాలుగ దీసి చిన్న యులిగ మార్చును. డబ్బా తెఱచు నుపకరణమును వంకర వాదరగ దిద్ది చెంచా గుంట తొలుచుటకు వినియోగించును. ఎఱ్ఱని ప్లాస్టిక్ పిడిరేకులను ఊడదీసి, రివిట్లను తొలిచి, తన చేతి వంపునకు సరిపడు కొయ్యపలకలను బిగించుకొనువారును కలరు.

ఇదంతయు రూపమును గూర్చిన ప్రసంగము. లోహమునకు రూపము కాక మఱియొక జీవితము కలదు. విక్టోరినాక్స్ కత్తిని చేయువారు దాని యంగములన్నిటిని ఒకే కాఠిన్యమునకు తేరు. రాక్‌వెల్ మానమున పెద్దకత్తికి సుమారు 56, రంపమునకు సుమారు 53, స్క్రూడ్రైవరునకు, డబ్బా తెఱచుదానికి సుమారు 52, స్ప్రింగులకు అంతకంటె తక్కువ. కోయవలసినది పదును నిలుపుకొనవలెను గనుక కఠినము. మెలిపెట్టవలసినది పుటుక్కున విఱుగరాదు గనుక కొంత మెత్తన. కావున స్క్రూడ్రైవరు నుండి పుట్టిన యులి ఎంత చక్కగ దీర్చినను, గట్టి కొయ్యలో త్వరగ మొద్దుబాఱును. చేసినవాని సంకల్పము ఆకారమునందు మాత్రమే లిఖింపబడి యున్నచో ఆకురాయి దానిని తుడిచివేయగలిగియుండును. అది లోహపు టంతరంగమున, కాచి చల్లార్చిన క్రమమున లిఖింపబడినది. అంతియ కాదు. తొందరపడి ఆ యులిని వడిగ తిరుగు సానచక్రముపై బెట్టినచో, పలుచని కొన క్షణములో వేడెక్కి, రంగు మారి, ఉన్న కాఠిన్యమును గూడ కోల్పోవును. అందుచేత అనుభవజ్ఞులు వ్రేలు చుఱుక్కుమనక మునుపే నీట ముంచుచు, సాధ్యమైనంత వఱకు చేతితోనే అరుగదీయుదురు. ఇక ఈ కత్తులలో అనేకములకు తెఱచిన వాయిని బిగించు గడియ లేదు, స్ప్రింగు యొక్క ఒత్తిడియే ఆధారము. వెన్నుమీద బలము పడినచో వాయి మూసికొని వ్రేళ్లను తెగగోయును. వాదరను ఎంత మార్చినను కీలును మార్చలేడు. ద్రవ్యము తన హద్దులను తానే ప్రకటించుచుండును.

ఇట్లు మార్చిన పిమ్మట అది యదే కత్తియా యని తార్కికు లడుగుదురు. వైశేషికుల మతమున అవయవముల సంయోగము నశించినచో పూర్వపు టవయవి నశించి మఱియొకటి పుట్టును. పటమునుండి ఒక పోగు లాగినను అది ఖండపట మను క్రొత్త వస్తువే. ఆ లెక్కను ఆకురాయి వేసిన ప్రతి రాపునకు ఒక కత్తి చచ్చి ఒక కత్తి పుట్టుచున్నది. ‘ఇది యా కత్తియే’ యను గుర్తింపు సాజాత్యముచే గలిగినది. సాంఖ్యుడు ఇందుల కొప్పుకొనక, ఉలి స్క్రూడ్రైవరునందు అవ్యక్తముగ నుండనే యున్నదనియు, అరుగదీత దానిని వెలికి దెచ్చినదే కాని పుట్టింపలేదనియు చెప్పును. ఇరువురి మాటలయందును సత్యాంశ కలదు. కాని కొయ్య ముందు కూర్చున్నవానికి కావలసిన యుత్తరము ఈ రెంటిలోను లేదు. అతడు ‘ఇది యదేనా’ యని యడుగుట లేదు, ‘ఇది ఇప్పుడు దేని కొఱకు’ అని యడుగుచున్నాడు.

ఛాందోగ్యోపనిషత్తు షష్ఠాధ్యాయమున ఉద్దాలకుడు శ్వేతకేతువునకు చెప్పిన మూడు దృష్టాంతములలో మృత్పిండమును, సువర్ణమును లోక మంతయు జ్ఞప్తి యందుంచుకొన్నది. మూడవదానిని సాధారణముగ విస్మరించినది. అది గోళ్లు తీసికొను చిన్న యినుప పనిముట్టు. ఆ యొక్క పనిముట్టును తెలిసికొన్నచో ఇనుముతో చేసినదంతయు తెలియబడుననియు, వికారములన్నియు నామమాత్రము లనియు, ఇనుమే సత్యమనియు ఋషి యుపదేశము. మట్టితోను, బంగారముతోను తృప్తిపడక, జేబున నిముడు పనిముట్టును అతడేల గ్రహించెనో మనకు తెలియదు గాని, మన ప్రస్తుతమున కది యమూల్యము. ఏలయన, కుండ పగిలి మట్టియైనప్పుడు దాని యుపయోగము పోవుటయే కనబడును. పనిముట్టును మార్చినప్పుడు ఒక యుపయోగము పోయి మఱియొక యుపయోగము వచ్చుట కనబడును. నామరూపములు మారినను లోహము లోహమే యని అద్వైతి యనునప్పుడు, నిజమే, కాని వ్యవహారదశయందు ఆ లోహము కాఠిన్యమును బట్టి ఒక వికారమునకు సమ్మతించి మఱియొక వికారమును నిరాకరించుచున్నదని కొయ్యపనివాడు విన్నవించుకొనవచ్చును. పరమార్థమున ఏకమైనది వ్యవహారమున మొండికెత్తుచున్నది. ఈ మొండితనమును లెక్కకు దెచ్చిన శాస్త్రము మనకు వేఱొకటి కావలెను, అది పూర్వమీమాంస.

మీమాంసకులు కర్మపరాయణులు, స్రుక్కులు, స్రువములు, ఉలూఖలములు, కొయ్యస్తంభములు వారి నిత్యచర్చావిషయములు. ఏ గరిటె ఏ చెట్టుతో చేయవలెనో వారికి శ్రుతియే చెప్పును: జుహువు మోదుగుతో, ఉపభృత్తు రావితో, ధ్రువ వికంకతముతో, స్రువము చండ్రకఱ్ఱతో. ఇట్టివారు సంస్కారమనగా, ఏది జరుగుటచే ఒక పదార్థము ఒకానొక కార్యమునకు యోగ్యమగునో అదియే యని నిర్వచించిరి. వడ్లను దంచుట సంస్కారము, ప్రోక్షించుట సంస్కారము, చెట్టును నఱికి ఎనిమిది కోణములుగ చెక్కి యూపముగ దీర్చుట సంస్కారము. దోషమును తొలగించునది కొంత, గుణమును చేర్చునది కొంత. మడతకత్తిపై జరుగు పని యంతయు ఈ నిర్వచనమున నొదిగిపోవుచున్నది. వాదర గనుపు నరుగదీయుట దోషాపనయనము. వెన్నునకు మూల దెచ్చుట గుణాధానము. అయితే ఇచట గుణము చేరుట సైతము ద్రవ్యము తొలగుట వలననే. ఉక్కునుండి తీసినదానిని తిరిగి పెట్టుట లేదు.

ఇక ప్లేటోకు, అరిస్టాటిలునకు చెప్పవలసిన సమాధానము మీమాంసకుల ప్రతినిధివిచారమున దొరకుచున్నది. వ్రీహులతో చేయవలసిన కర్మకు వ్రీహులు దొరకనిచో నీవారధాన్యముతో చేయవచ్చునని వారు చెప్పి, అందులకు కారణము నిట్లు విశదపఱచిరి: నీవారములను నీవారములుగ గ్రహించుట లేదు, వ్రీహుల యవయవములకు సదృశములైనవి వానియందు కలవు గనుక, వ్రీహులను కోరియే వానిని గ్రహించుచున్నాము. మడతకత్తిలోని యులి అట్టి నీవారము. వడ్రంగి పెట్టెలోని అసలైన యులితో అది పోటీపడదు. ఉలి లేని చోట, ఉలి యందలి యే గుణమును కోరుచున్నామో ఆ గుణము దానియందెంత కలదో అంత వఱకు అది యులికి ప్రతినిధి. కనుక ఒక పనికొక పరికరమే శ్రేష్ఠమన్న యవనుని మాటయు నిలుచును, అనేకోపయోగియైన కత్తియు నిలుచును. మొదటిది ముఖ్యవిధి, రెండవది ప్రతినిధి. ప్రతినిధి యని యెఱిగి వాడువాడు దానిని దాని శక్తికి మించి పీడింపడు, చెట్టు చీల్చవలెనని దానిపై బండతో మోదడు. అయితే ఆ ప్రకరణమునందే మీమాంసకులు కొన్నిటికి ప్రతినిధి లేదనియు శాసించిరి: దేవతకు లేదు, మంత్రమునకు లేదు, అగ్నికి లేదు, యజమానునకు లేదు. ద్రవ్యము మారవచ్చును, చేయువాడు మాత్రము తన బదులు వేఱొకని నిలుపజాలడు.

ఈ చివరి మాట సవరణ యొక్క నైతికస్వరూపమును తెలుపుచున్నది. కొన్న వస్తువును కొన్నట్లు వాడువాడు దాని లోపమునకు చేసినవానిని నిందింపవచ్చును. దానిని మార్చినవాడు ఆ యవకాశమును వదలుకొనుచున్నాడు. తయారీదారుల పూచీ సాధారణముగ అచటితో తీరిపోవును. ఇకమీదట ఆ వాదర జాఱి వ్రేలు తెగినను, ఆ యులి కొన విఱిగినను కర్త యితడే. అంతకంటె గూఢమైన సంగతి యొకటి కలదు. స్క్రూడ్రైవరును ఉలి చేసినవాడు స్క్రూడ్రైవరును పోగొట్టుకొన్నాడు. డబ్బా తెఱచుదానిని వంకరకత్తి చేసినవాడు ఇకమీదట డబ్బాను మఱియొకవిధముగ తెఱచుకొనవలసినదే. మడతకత్తి మనుష్యునకు చేయు వాగ్దానము ఏదియు వదలుకొన నక్కఱలేదను వాగ్దానము. అన్నియు నీ వెంట నుండును, ఎప్పుడేది కావలసిన అప్పుడది తీసికొనవచ్చును. సవరించువాడు ఆ వాగ్దానమును చేతులార భంగము చేసి, ఇది కావలెను గనుక అది వద్దని నిశ్చయించుచున్నాడు. సంకల్పమనునది కోరికల పట్టిక కాదు; ఒకదాని కొఱకు తక్కినవానిని విడుచుటయే సంకల్పము. యాగమునకు ద్రవ్యదేవతలు రెండును చాలక త్యాగమును మూడవ యంగముగ మన పెద్దలు చెప్పుట ఈ విషయమున స్మరింపదగినది.

ఇట్లన్నంత మాత్రమున సవరణ యెల్లయు శ్లాఘ్యమని నా యభిప్రాయము కాదు. ఈ వ్యాసంగమునకు ఒక వ్యాధి కలదు. పిడిని మార్చుట, ఇత్తడిని మెఱుగుబెట్టుట, మఱల విప్పుట, మఱల బిగించుట — ఇదియే లక్ష్యమై, కొయ్యముక్కను ఎన్నడును తాకని కత్తులు కొందఱి పెట్టెలలో వరుసదీరి యుండును. వీరిని గూర్చియు మీమాంసకులు ముందుగనే తీర్పు చెప్పినారు. ఉపయోగింపబడినదానికో, ఇకముందు ఉపయోగింపబడబోవుదానికో సంస్కారము చెల్లును గాని, వినియోగమే లేనిదానికి సంస్కారము నిరర్థకమని వారి సిద్ధాంతము. దంచి, చెఱిగి, ప్రోక్షించి పురోడాశము చేయక విడిచిన వడ్ల వంటిది కొయ్యకు తగులని కత్తి. ‘ఇది నాది, నేను దీర్చినది’ యను మమకారము సంస్కారమునకు ఫలము కాదు; అది సంస్కారమునకు పట్టిన త్రుప్పు, తుప్పుపట్టని యుక్కునకు సైతము పట్టునట్టిది.

అయినచో సవరింపబడిన కత్తి ఎవరి కొఱకు? సవరించినవాని కొఱకని సులువుగ చెప్పవచ్చును. నైయాయికుల పరిభాషలో కత్తి కరణము, అనగా కార్యమునకు అసాధారణమైన కారణము. ఆంధ్రుడని ప్రసిద్ధి గాంచిన అన్నంభట్టు తన తర్కసంగ్రహమున బాలురకు నేర్పిన లక్షణమిదియే. కర్త వేఱు, కరణము వేఱు, కర్త యాజ్ఞకు కరణము లోబడును. కాని జైమిని మహర్షి తన మీమాంసాసూత్రముల తృతీయాధ్యాయారంభమున ఇంతకంటె లోతునకు దిగెను. ఏది పరుని కొఱకుండునో అది శేషము. బాదరి యను నాచార్యుడు ద్రవ్యము, గుణము, సంస్కారము ఈ మూడే శేషములని తలచెను; పనిముట్లు, వాని గుణములు, వానిపై చేయు పనులు పరార్థములు, అచటితో సరి. జైమిని అచట నాగక, కర్మ ఫలముకొఱకు గనుక కర్మయు శేషమే యనెను. ఫలము పురుషునికొఱకు గనుక ఫలమును శేషమే యనెను. పిదప, ఎవ్వరు నూహింపని రీతిని, పురుషుడును కర్మకొఱకు గనుక పురుషుడును శేషమే యని ముగించెను. శృంఖల యొక యజమానుని పాదముల చెంత తెగక, తిరిగివచ్చి తన్ను తానే కలిసికొన్నది. విశిష్టాద్వైతులు ఈ శేషశబ్దమునే గైకొని జీవుడు శేషము, భగవంతుడొక్కడే శేషి యని ఆ వలయమునకు ఒక దైవీకేంద్రమును సమకూర్చిరి. కేంద్రమును అంగీకరించినను అంగీకరింపకున్నను, పురుషుడే చరమప్రయోజన మను గర్వము మాత్రము రెండుచోట్లను నిలువలేదు.

కొయ్యపనిలో ఈ సత్యము కంటికి కనబడును. కత్తిని తన చేతికి అనుగుణముగ మార్చితినని తలచువాని చేయియే కొయ్యకు అనుగుణముగ మారుచుండును. నార యెటు పోవుచున్నదో వ్రేళ్లు గుర్తింప నేర్చును; గడియ లేని వాయిపై వెనుకనుండి బలము మోపరాదని మణికట్టు తెలిసికొనును; మెత్తని యులికి తగినట్లు చూపు మెత్తని కొయ్యను వెదకుకొనును. మన కొండపల్లి బొమ్మలవారు తెల్లపొణికి కొయ్యను ఎంచుకొనుటలో నున్న వివేకమిట్టిదే. పనియు, సాధనమును, చేయియు ఒండొంటికి లొంగిన చోట శిల్పము పుట్టును. కావున ప్రయోజనము వస్తువునందా, చేసినవానియందా, వాడువానియందా యను ప్రశ్నకు నా సమాధానము: మూటియందును విడివిడిగ లేదు. వస్తువునందు యోగ్యత కలదు, చేసినవానియందు ప్రథమసంకల్పము కలదు, వాడువానియందు అవసరము కలదు. ఈ మూడును ఒక క్రియయందు కలిసినప్పుడే ప్రయోజనము సంభవించును, క్రియ లేనప్పుడు అది ఎచటను ఉండదు.

క్రియయే ప్రయోజనమునకు నెలవైనచో, ఆ క్రియ యెట్టిదని యడుగుట తప్పదు. తెలుగునాట మిక్కిలిగ అధ్యయనము చేయబడు తైత్తిరీయశాఖయందు, యూపమునకై చెట్టును నఱకునప్పుడు దర్భను నడుమ నుంచి, దీనిని కాపాడుమని ఆ దర్భను, దీనిని హింసింపకుమని గొడ్డలిని ప్రార్థింతురు. నఱికిన పిమ్మట మొదలుమీద ఆజ్యమును హోమము చేసి, నూఱు కొమ్మలతో మఱల చిగిర్పుమని ఆ చెట్టును కోరుదురు. నఱుకుచు హింసింపవలదనుట యపహాస్యమని కొందఱు తలపవచ్చును. అది యపహాస్యము కాదు, కర్త తనకు తాను చెప్పుకొను హద్దు: కావలసినంతయే కోయుదును, కోసినదానిని వ్యర్థపఱుపను, కోయబడినదానికి ఋణపడియుందును. అడవిలో మడతకత్తితో కూర్చున్నవానికి మంత్రము రాకపోవచ్చును, హద్దు మాత్రము రావలెను. ఏ స్క్రూడ్రైవరును ఏ పనికై త్యజించెనో ఆ పని ఆ త్యాగమునకు తగినది కావలెను. పచ్చి చెట్లమీద పేరు చెక్కుకొనుటకై ఉక్కు నరుగదీసినవాడు ఉక్కునకును చెట్టునకును ఒక్కసారిగ ద్రోహియగును. పరికరమును మార్చుకొను స్వాతంత్ర్యము మనుష్యున కున్నది, దాని స్వధర్మమును తాను నిర్ణయించుటకు సైతము అతనికి కొంత యధికారమున్నది; అయితే ఆ నిర్ణయముతో అతడు తన స్వధర్మమును గూడ నిర్ణయించుకొనుచున్నాడు. ఏ పనికి కత్తిని శేషముగ చేసెనో ఆ పనికే తానును శేషమగును గనుక, ఆకురాయి పట్టుటకు ముందు అతడు ఎన్నుకొనవలసినది కత్తి రూపమును కాదు, పనిని.